వరంగల్‌కు రెండు రాత్రులైనా ఇవ్వండి

హైదరాబాద్‌లో పొద్దున బయల్దేరితే వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, రామప్ప అన్నీ చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చని అందరూ చెబుతారు. చేరొచ్చు కూడా. మా చుట్టాలు చాలామంది అలాగే చూసి వెళ్లారు. పోయిన జనవరిలో, సంక్రాంతి అయిన వారానికి, జర్మనీలో మా తమ్ముడి ఆఫీసులో పనిచేసే ఒకావిడ హన్మకొండ వచ్చి మూడు రాత్రులు ఉంది. అప్పటి నుంచి ఒక్కరోజు ప్లాన్ ఎవరు అడిగినా నేను వద్దనే చెబుతున్నాను.

ఆమె వయసు యాభై దాటింది. ఇండియాకు రావడం ఇదే మొదటిసారి. తమ్ముడికి సెలవు దొరకలేదు. "అక్కా, అంతా నువ్వే చూపించాలె" అన్నాడు. నేను పుట్టి పెరిగింది, బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నది ఇక్కడే కాబట్టి ఊరంతా నాకు కొట్టిన పిండి అనుకుని సరేనన్నాను. ఏం చూపించాలో కాగితం మీద రాసుకున్నాను గానీ, ఆమె ఎక్కడ పడుకుంటుందన్న దాని మీద అంత ఆలోచించలేదు. మొదటి టెన్షన్ అక్కడే వచ్చింది.

సికింద్రాబాద్ నుంచి రైల్లో వచ్చింది. హన్మకొండలో ఉండేవాళ్లు కాజీపేటలో దిగడం మంచిది. కోట వైపు ఉండేవాళ్లకు వరంగల్ స్టేషన్ దగ్గర. కాజీపేటలో ఆమెను దించుకుని, తమ్ముడు ఆన్‌లైన్‌లో బుక్ చేసిన హోటల్‌కు వెళ్లాం. కౌంటర్‌లో అబ్బాయి పాస్‌పోర్ట్ చూడగానే తల అడ్డంగా ఊపాడు. "ఫారినర్స్‌కు రూమ్ ఇవ్వం మేడమ్." డబ్బు ముందే కట్టేశాం, కన్ఫర్మ్ అయినట్టు మెసేజ్ కూడా ఉంది. టైమ్ రాత్రి తొమ్మిదిన్నర. నేను గొంతు పెంచాను, లాభం లేకపోయింది.

తర్వాత తెలుసుకున్న సంగతి ఇది. విదేశీ అతిథికి బస ఇచ్చిన వాళ్లు 24 గంటల్లోపు ఫారం సి అనే దాన్ని (2025 కొత్త నిబంధనల్లో దీని పేరు ఫారం III) ఆన్‌లైన్‌లో నింపి ఇమ్మిగ్రేషన్ వాళ్లకు పంపాలి. దానికి హోటల్ ముందే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. చేసుకోని చోట్ల గది ఖాళీగా ఉన్నా ఇవ్వరు. బుకింగ్ యాప్‌కు ఇవేవీ పట్టవు, డబ్బు తీసేసుకుంటుంది. కాబట్టి బుక్ చేసే ముందు నేరుగా హోటల్‌కు ఫోన్ చేసి "విదేశీయులకు ఫారం సి చేస్తారా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న మర్చిపోయినందుకు, పద్నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చిన మనిషిని పెట్టెలతో సహా రోడ్డు మీద నిలబెట్టాల్సి వచ్చింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఇంటికి తీసుకొచ్చేశాం. "గింత రాత్రి ఎటు పోతది, మనింట్లనే పండుకుంటది" అని అమ్మ అప్పటికే మంచం మీద కొత్త దుప్పటి పరిచేసింది. ఇంట్లో ఉంచుకున్నా ఆ ఫారం తప్పదు. మా అబ్బాయి కూర్చుని ఇంటి పేరు మీద రిజిస్టర్ చేసి, పాస్‌పోర్ట్, వీసా ఫొటోలు ఎక్కించేసరికి పన్నెండు దాటింది.

తెల్లారేసరికి ఇంటి నిండా జనం. పక్కింటి వదిన, ఎదురింటి పిల్లలు, మా పెద్దమ్మ, అందరూ చూడ్డానికి వచ్చారు. ప్రేమగానే వచ్చారు. ఆమె అందరితో నవ్వుతూ మాట్లాడింది. టిఫిన్ తిన్నాక మాత్రం నన్ను పక్కకు పిలిచి, "మీ ఇల్లు నాకు నచ్చింది, కానీ తలుపు వేసుకుని నిద్రపోయే గది ఒకటి కావాలి" అని చెప్పింది. అమ్మ నొచ్చుకుంది. నాకు మాత్రం ఆ మాటలో తప్పు కనబడలేదు. దూరం నుంచి వచ్చిన మనిషికి మన మర్యాద కూడా కొంత అలసటే. నక్కలగుట్టలో టూరిజం వాళ్ల హరిత కాకతీయలో గది తీసుకున్నాం. అక్కడ పాస్‌పోర్ట్, వీసా కాపీలు తీసుకుని పది నిమిషాల్లో తాళం చేతిలో పెట్టారు. గది మామూలుదే, మా ఇంటికి ఆటోలో కొద్ది దూరం. భోజనానికి మా ఇల్లు, నిద్రకు హోటల్. ఈ ఏర్పాటు అందరికీ సుఖంగా ఉంది. విదేశీ అతిథి వస్తే మొదటి రోజు నుంచే ఇలా చేయమని చెబుతాను.

డబ్బు గురించి ఒక మాట. మనకు ఫోన్ పే, గూగుల్ పే లేనిదే టీ కూడా తాగం. ఆమెకు మన నంబర్ లేదు, ఓటీపీ రాదు, క్యాబ్ యాప్ పనిచేయలేదు. ఆటోవాళ్లకు, కొబ్బరి బోండాలకు, చెప్పుల స్టాండ్‌కు ఆమె కార్డు పనికిరాదు. ఏటీఎంలో తీసి వంద, యాభై నోట్లుగా మార్చి చేతిలో పెట్టాక గానీ ఆమెకు ధైర్యం రాలేదు. ఆటోలు నేనే మాట్లాడాను. ఆమె పక్కన నిలబడితే రేటు రెండింతలు చెబుతున్నారు.

మొదటి రోజు పొద్దున వేయిస్తంభాల గుడి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ. పక్కనున్న కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి మళ్లీ నిలబెట్టే పని ఏళ్ల తరబడి సాగి 2024లో పూర్తయింది. నా పిల్లల చిన్నతనమంతా అక్కడ రాళ్ల కుప్పలే చూశాం. ఇప్పుడు నంది వెనక ఆ స్తంభాల వరుస నిలబడి ఉంటే నాకే కొత్తగా ఉంది. ఊరి నడిబొడ్డున ఉంది కాబట్టి గంటన్నర చాలు. భద్రకాళి చెరువు కట్ట మీద ఒక సాయంత్రం నడవండి, చాలు.

కోటకు మాత్రం మధ్యాహ్నం నాలుగు దాటాక వెళ్లండి. టికెట్ మనకు 25 రూపాయలు, విదేశీయులకు 300. ఆ తేడా ఆమెకు కోపం తెప్పించలేదు. "రాళ్లను బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువ ఇస్తాను" అంది. స్వయంభూ దేవాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. 2014 నుంచి తెలంగాణ ముద్ర మీద ఉన్నది ఈ తోరణమే. మధ్యలో ఇప్పుడు ఆ గుడి లేదు. విరిగిన దూలాలు, సింహాలు, హంసల వరుసలు గడ్డిలో పడి ఉన్నాయి. 1323లో ఢిల్లీ సైన్యం గెలిచాక కాకతీయుల కథ ముగిసింది. ఎండ పడమటికి వాలినప్పుడు ఆ రాళ్ల మీది చెక్కడం లేచి వస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి చూస్తే అంతా ఒకటే బూడిద రంగు.

ఆమెను ఎక్కువ కదిలించింది తోరణాలు కాదు, రుద్రమదేవి. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతి కోటను కూతురు పూర్తి చేసిందని, శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో రాశారని చెప్పాను. మార్కో పోలో రుద్రమ పాలనను మెచ్చుకుంటూ రాశాడని మా అతిథికి ముందే తెలుసు. రుద్రమ ఎప్పుడు చనిపోయింది అని అడిగింది. 1289లో అని, అది చందుపట్ల ఊళ్లో దొరికిన శాసనాన్ని బట్టి తెలిసిందని చెప్పాను. ఆ శాసనం దొరికే దాకా ఆ తల్లి చావు తేదీ కూడా మనకు సరిగ్గా తెలియదని చెబుతుంటే నా గొంతు పట్టేసింది. కోట గుమ్మంలోంచి నేరుగా లోపలికి పోలేం, మలుపు తిరగాలి. శత్రువు ఏనుగు వేగం అందుకోకుండా అలా కట్టారు. ఆ మలుపులో ఇప్పుడు పాల బండ్లు, స్కూల్ ఆటోలు తిరుగుతుంటాయి. కోట లోపల ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. అది ఆమెకు నమ్మశక్యం కాలేదు. ఆగి ఆగి చూసింది. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం.

సెల్ఫీల సంగతి కూడా చెప్పాలి. కాలేజీ పిల్లలు "మేడమ్, వన్ సెల్ఫీ" అంటూ వచ్చారు. మొదటి పది మందికి ఆమె సంతోషంగా నిలబడింది. ఇరవై దాటాక ముఖంలో అలసట కనబడింది. పిల్లలది తప్పు కాదు. కానీ పక్కన ఉన్న మనం "ఇక చాలు బిడ్డా" అని చెప్పాలి. అతిథి తనంతట తాను చెప్పలేదు.

రెండో రోజు పొద్దున ఆరింటికే రామప్పకు బయల్దేరాం. హన్మకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర తిరిగితే ఆ గుడి ఉన్న పాలంపేట. మేడారం జాతర లేని ఏడాది కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. జాతర ఏడాది మాఘమాసంలో ఇటువైపు కారేసుకుని రావాలనుకోకండి. డ్రైవర్‌తో కారుకు రోజంతా కలిపి మూడున్నర వేలయింది. బస్సులో వస్తే ములుగు దాకా సులువే, ఆ తర్వాత ఆటోల కోసం ఎదురుచూడాలి.

ఎనిమిదిన్నరకు గుడి దగ్గర పట్టుమని ఇరవై మంది లేరు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. దేవుడు రుద్రేశ్వరుడు, కానీ జనం నోట నిలిచింది శిల్పి రామప్ప పేరు. 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. గోడలది ఎర్రటి ఇసుకరాయి. స్తంభాలు, పైకప్పు కింద ఒరిగి నిలబడ్డ మదనికలనే స్త్రీ శిల్పాలు మాత్రం నల్లరాయి. పొద్దుటి ఎండ ఆ నల్లరాయి మీద పడితే నూనె రాసినట్టు మెరుస్తుంది.

అక్కడి గైడ్ మంచి ఇంగ్లీషు మాట్లాడాడు. వచ్చిన వాళ్లందరికీ చెప్పినట్టే ముందు ఎత్తు మడమల చెప్పులేసుకున్న బొమ్మను చూపించాడు. ఆమె మాత్రం పునాది గురించి అడిగింది. దాంతో ఆయన ముఖం వెలిగిపోయింది. గొయ్యి తవ్వి ఇసుక నింపి దాని మీద గుడి లేపారని, భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక తీసుకుంటుందని, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడి బరువు తగ్గించారని నేల మీద పుల్లతో గీసి చూపించాడు. తర్వాత మదనికల భంగిమలు. గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళికీ ఈ శిల్పాలకూ ఉన్న పోలికలు, వాటిని ఆధారం చేసుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టడం, ఇవన్నీ చెప్పాడు. గంట అనుకున్నది రెండు గంటలైంది. ఆయన అడిగిన దానికంటే ఎక్కువే ఇచ్చాం. రామప్పలో గైడ్ లేకుండా చూడకండి.

పదకొండు దాటితే జనవరిలోనే బండలు కాళ్లకు తగులుతాయి. సాక్సులు తెచ్చుకోండి. ఆడవాళ్లకు ఇంకో మాట. దారిలో ఒక చోట టాయిలెట్ ఉంది గానీ తాళం వేసి ఉంది, తాళం ఉన్న మనిషి ఊళ్లో లేడు. హన్మకొండలో బయల్దేరేటప్పుడే ఆ పని చూసుకోవడం మేలు.

అక్కడి నుంచి లక్నవరం వేలాడే వంతెన, బొగత జలపాతం నా కాగితం మీద ఉన్నాయి. రెండూ కొట్టేశాను. బొగతను వానాకాలంలోనే చూడాలి. దానికి బదులు రామప్ప చెరువు కట్ట మీద కూర్చున్నాం. గుడి కట్టించినవాడే ఈ చెరువు కూడా కట్టించాడు. కింద ఆయకట్టులో యాసంగి నాట్లు పడుతున్నాయి. ఆడవాళ్లు వరుసగా వంగి నారు నాటుతుంటే ఆమె ఫోన్ తీయకుండా చాలాసేపు చూసింది. "ఎనిమిది వందల ఏళ్ల నీళ్లా ఇవి?" అని అడిగింది. అవునన్నాను. ఒడ్డున ఉన్న ఒక పెద్దమ్మ మమ్మల్ని చూసి "ఏ ఊరు బిడ్డా? తిన్నరా?" అని అడిగింది. అమ్మ కట్టిచ్చిన సర్వపిండి విప్పి ఆమెకూ పెట్టాం. బియ్యప్పిండి, పల్లీలు, శనగపప్పు, నువ్వులు వేసి గిన్నెకు ఒత్తి కాల్చిన ఆ అంచు కరకరలాడుతుంది. మూడు రోజుల్లో మా అతిథి అన్నిటికంటే ఇష్టంగా తిన్నది అదే. కారం కూరలు పెరుగు కలుపుకుని తినగలిగింది. పండక్కి చేసిన సకినాలు సరే సరి, వాటిని చాయ్‌లో ముంచుకుని తింది.

చివరి రోజు పొద్దున రైతులు పంట అమ్ముకునే ఎనుమాముల మార్కెట్ తీసుకెళ్లాను. ఇది ఏ టూరిస్టు ప్లాన్‌లోనూ ఉండదు, ఉండాలి. శని, ఆదివారాలు సెలవు కాబట్టి మిగతా రోజుల్లో వెళ్లండి. లోపలికి అడుగుపెట్టగానే ముక్కు మండుతుంది, మాస్కు తప్పనిసరి. కొత్త మిర్చి బస్తాలు అప్పుడే రావడం మొదలైంది. జెండా పాట, అంటే ధర తేల్చే వేలం, జరిగే చోట వ్యాపారులు గుంపుగా కదులుతుంటే, రైతు తన బస్తా పక్కన నోరు మెదపకుండా నిలబడి ఉంటాడు. ఏడాది కష్టానికి ధర ఆ కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఒక రైతు లావుగా, టమాటలా ఉండే చపాట మిర్చి ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. రంగెక్కువ, కారం తక్కువ. దీనికి 2025లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఆమె కొంటానంటే ఆయన డబ్బు తీసుకోలేదు.

కొత్తవాడకు గంట మాత్రమే మిగిలింది, అది నా తప్పు. అక్కడి మగ్గాల మీద నేసే దరీలకు (జంపఖానాలకు) 2018లోనే జీఐ వచ్చింది. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. నేసే ఇళ్లు ఇప్పుడు తక్కువ, నేసేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. నేరుగా నేతగాడి దగ్గరే ఒక నీలం దరీ కొంది. మడిచి పెట్టెలో పట్టేలా ఆయనే తాడుతో కట్టి ఇచ్చాడు.

స్టేషన్‌లో అమ్మ ఆమె చేతిలో సకినాల డబ్బా పెట్టి, "మల్ల రా బిడ్డా, ఈసారి మనింట్లనే ఉండు" అంది. నేను అనువదించాను. ఆమె నవ్వి అమ్మను గట్టిగా పట్టుకుంది. దసరాకు వస్తానంది. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడే రోజు నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ ఉంటానంది. హోటల్‌కు ఇప్పుడే ఫోన్ చేశాను. ఫారం సి చేస్తామన్నారు. గుడి వైపు గది ఉందా అని అడిగితే, పండగ రోజుల్లో తొందరగా నిండిపోతాయి, అడ్వాన్స్ కట్టమన్నారు. రేపు వెళ్లి కడతాను.