పాపర్ పక్కన పెట్టాను, పెన్సిల్ ఉంచుకున్నాను: ఉప్పుటేట్లో బ్రీమ్ కోసం పైతేలే ఎరలు

వంశధార సముద్రంలో కలిసేచోట, కళింగపట్నం వైపు ఒడ్డున, మోకాలి లోతు నీళ్ళలో బ్రీమ్ అనే చేప తిరుగుతుందని అక్కడి జాలరులందరికీ తెలుసు. రొయ్య ముక్క గుచ్చి అడుక్కి వదిలితే పడుతుందనీ తెలుసు. అదే చేప పైకి వచ్చి ప్లాస్టిక్ ముక్కని కొడుతుందంటే మాత్రం నవ్వుతారు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. బ్రీమ్ నోరు తెరిచి చూడండి. ముందు వంపు తిరిగిన గట్టి పళ్ళు, లోపల దవడల నిండా గుండ్రటి పళ్ళ వరసలు. గుల్లలు, పీతలు పటపట నమలడానికి పుట్టిన నోరు అది. కింద ఏరుకు తినే చేపకి పైన ఏం పని?

పని ఉంది. కాకపోతే అన్ని నీళ్ళలోనూ కాదు, అన్ని వేళలా కాదు. కొన్నేళ్ళుగా ఈ ఏట్లో నేను పైతేలే ఎరలు తప్ప వేరేవి దాదాపు వాడటం లేదు. ఏది పనికొచ్చింది, దేనికి పెట్టిన డబ్బు దండగ అన్నది ఆ వాడకం మీద రాస్తున్నాను.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. ఆస్ట్రేలియాలో నదులు సముద్రంలో కలిసేచోట ఎల్లోఫిన్ బ్రీమ్, బ్లాక్ బ్రీమ్ కోసం వాళ్ళు దీన్ని బాగా సాన పెట్టారు. అక్కడ వాడే ఎరల్లో చాలావరకు జపాన్‌వి. మన ఏట్లలో ఉన్నది కూడా అదే అకాంతోపాగ్రస్ ప్రజాతి చేప కాబట్టి, వాళ్ళు చెప్పేదాంట్లో చాలా సంగతులు ఇక్కడా పనిచేస్తాయి. అన్నీ పనిచేయవు. వాళ్ళకి వేసవిలో సికాడా పురుగులు చెట్ల మీంచి నీళ్ళలో రాలతాయి, చేపలు వాటికోసం పైకి చూస్తాయి. అందుకే పురుగు ఆకారం ఎరలు అక్కడ తెగ అమ్ముడవుతాయి. మనకి ఆ పురుగుల గొడవ లేదు. మనకున్నది రొయ్య.

పోటు మొదలై నీరు ఇసుక మేటల మీదికి పల్చగా పాకేటప్పుడు చిన్న రొయ్యలు ఆ నీటితోపాటే ఒడ్డుకి జరుగుతాయి. కింద నుంచి ఏదైనా తరిమితే పైకి లేచి రెండు మూడు గెంతులు వేసి ఆగుతాయి. పైతేలే ఎర చెయ్యాల్సిందల్లా ఆ గెంతులు, ఆ ఆగడం. ఇందులో ఆగడమే అసలు సంగతి. దాని దగ్గరకి వస్తాను.

నేను వాడినవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది పాపర్. దాని మూతి లోపలికి తొలిచి ఉంటుంది, లాగితే బుడుంగుమని నీరు చిమ్ముతుంది. రెండోది పెన్సిల్. సన్నటి ఒళ్ళు, గుండ్రటి మూతి, తోక వైపు బరువు. రాడ్డు కొసతో చిన్న చిన్న కుదుపులిస్తే తల అటొకసారి ఇటొకసారి తిప్పుకుంటూ నీటి మీద నడుస్తుంది. రెండూ 55 నుంచి 70 మిల్లీమీటర్ల పొడవువి. అంతకంటే పెద్దది బ్రీమ్‌కి అనవసరం.

అందరూ పాపర్‌తోనే మొదలుపెడతారు. ఆ చప్పుడు, ఆ నీటి చిమ్ముడు చూడ్డానికి బాగుంటాయి, ఏదో జరుగుతోందనిపిస్తుంది. చూడముచ్చట మనకే, చేపకి కాదు. గాలి లేని పొద్దున, తేట నీటిలో, రెండడుగుల లోతులో పాపర్‌ని గట్టిగా ఒక్క గుంజు గుంజితే, ఎర వెనకే వస్తున్న చేప అక్కడికక్కడే బెదిరిపోతుంది. మళ్ళీ ఆ దరిదాపుల్లో గంటదాకా కదలిక ఉండదు. నీటి మీద గాలి ముడతలు లేచినప్పుడు, భావనపాడు హార్బర్ రాళ్ళ పక్కన నురగలో అయితే పాపర్‌కి అర్థం ఉంది. అప్పుడు కూడా కొట్టేది ఎక్కువగా పార చేపలు. బ్రీమ్ కోసమే అయితే పాపర్‌కి నేను పదికి నాలుగు ఇస్తాను, అదీ కాస్త ఉదారంగా.

పెన్సిల్‌కి ఎనిమిది. జపాన్ కంపెనీ బాస్‌డే చేసే షుగాపెన్ 70 ఆస్ట్రేలియాలో బ్రీమ్ పట్టేవాళ్ళ నోట తరచుగా వినిపించే పేరు. నా పెట్టెలో ఎక్కువ పని చేసిందీ అదే. ఒళ్ళంతా పారదర్శకంగా, లోపల కొంచెం మెరుపు ఉన్న రంగు తీసుకున్నాను. రంగుల గురించి పెద్దగా వాదించను గానీ, తేట నీటిలో అద్దంలా కనబడే ఎర ముందు ముదురు రంగులు ఎప్పుడూ వెనకబడ్డాయి. అమెరికా కంపెనీ హెడన్ వాళ్ళ జారా పప్పీ మూడంగుళాలది. బ్రీమ్‌కి కాస్త పెద్దది, పండుగప్ప పిల్లలకి సరిగ్గా సరిపోతుంది.

ఇవి ఖరీదైనవి, మనవైపు కొట్లలో దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. అందుకని పేరూ ఊరూ లేని నకళ్ళు కూడా చాలా కొన్నాను. వాటిలో కొన్ని నిజంగానే బాగా నడిచాయి. చాలావాటికి మాత్రం రెండు ముక్కలు అతికిన చోట నీరు ఎక్కుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీటి చుక్క కదులుతున్న చప్పుడు వినబడితే ఇక అది నడవదు, ఒక పక్కకి వాలి ఈడ్చుకుంటూ వస్తుంది. ఏ ఎరైనా కొన్న రోజే బకెట్లో వేసి చూడండి. తోక కిందికి దిగి, మూతి పైకి రావాలి. బల్లపరుపుగా తేలేవాటిని నడిపించడానికి నా మణికట్టు చాలా కష్టపడింది.

ఇప్పుడు ఆగడం సంగతి. ఆస్ట్రేలియా వాళ్ళు విటింగ్ అనే మరో చేప గురించి చెప్పేటప్పుడు ఎర ఆగకుండా కదులుతూ ఉండాలంటారు, ఆగిందంటే ఆ చేప వెనక్కి తిరిగిపోతుందంటారు. బ్రీమ్ అందుకు పూర్తిగా వ్యతిరేకం. మేట అంచు మీద నుంచి లోతు వైపు ఎర నడుస్తూ ఉంటుంది. దాని వెనక మూరెడు దూరంలో నీరు కొంచెం ఉబ్బుతుంది. అది అల కాదు, చేప వీపు తోస్తున్న నీరు. ఇంకా నడిపిస్తే అది అలాగే వెంట వచ్చి, కాసేపటికి పక్కకి తప్పుకుంటుంది. అక్కడ ఆపాలి. చేతులు వణుకుతున్నా ఆపాలి. ఎర చుట్టూ వలయాలు విచ్చుకుని పోతాయి. ఉబ్బు మాయమవుతుంది. చేప వెళ్ళిపోయిందనిపిస్తుంది. వెళ్ళదు, ఎర కింద నిలబడి చూస్తూ ఉంటుంది. మనసులో నాలుగు దాకా లెక్కపెట్టేలోగా తోక దగ్గర 'చప్' అని చిన్న చప్పుడొస్తుంది, ఎర ఉన్నచోట బుడగ మిగులుతుంది. పెద్ద దూకుడేమీ ఉండదు. పార అయితే నీళ్ళు పగిలిపోతాయి, బ్రీమ్ జుర్రుకుంటుంది.

ఆ చప్పుడుకి రాడ్డు ఎత్తకూడదు. ఎత్తితే ఎర గాల్లోకి లేచి మన మొహం మీదికి వస్తుంది, దానికి మూడేసి ముళ్ళున్న గాలాలు రెండు వేలాడుతుంటాయని మర్చిపోకండి. దారం బిగిసి బరువు చేతికి తెలిసేదాకా ఆగి, అప్పుడు మెల్లగా లాగాలి. తప్పిపోయినా ఎరని అక్కడే ఉంచి ఒక్క చిన్న కుదుపు ఇవ్వండి. చాలాసార్లు అదే చేప మళ్ళీ వస్తుంది. పైతేలే ఎరలతో బ్రీమ్‌ని పట్టడమంటే సగం ఆడించడం, సగం చేతులు కట్టుకోవడం.

విసురువల వేసే ఒక పెద్దాయన ఒకరోజు నా పెన్సిల్‌ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. 'ఏటి బాబూ ఇది, బొమ్మతో సేపకి సరసమా?' అన్నాడు. 'అలాంటిదే తాతా' అన్నాను. కాసేపు నా పక్కనే నిలబడి, వెళ్తూ వెళ్తూ, 'సేప కోసం సూడకు బాబూ. రొయ్య ఎటు గెంతితే అటెల్లు' అని చెప్పాడు. ఎరల మీద నేను చూసిన వీడియోలన్నీ ఒక ఎత్తు, ఈ ముక్క ఒక ఎత్తు. అప్పటినుంచి ఒడ్డుకి చేరగానే ఎర విసరను. ముందు కాసేపు నీళ్ళ అంచు చూస్తాను. రొయ్య గెంతని చోట ఎంత మంచి ఎర వేసినా వృథా.

ఇక నా ప్రధాన ఫిర్యాదు గాలాల మీద. మంచి కంపెనీ ఎర అయినా, నకలు అయినా, కూడా వచ్చే గాలాలు బ్రీమ్ నోటికి చాలవు. గుల్లలు నమిలే దవడలు సన్నటి గాలాన్ని వంచేస్తాయి, కొన్నిసార్లు ముల్లు విరిచేస్తాయి. ఉప్పునీటికి తుప్పు సరేసరి. నేను ఎర కొన్న వెంటనే ముందు వైపు గాలం తీసి అదే సైజులో గట్టిది వేస్తాను. వెనక మూడు ముళ్ళదాన్ని పూర్తిగా తీసేసి, పొట్టి దారంతో కట్టిన ఒంటి గాలం వేస్తాను. బ్రీమ్ ఎక్కువగా తోకనే పట్టుకుంటుంది, దారంతో కట్టిన గాలం మెత్తగా నోట్లోకి జారుతుంది. గాలాలు మార్చాక ఎరని మళ్ళీ బకెట్లో వేసి చూడటం తప్పనిసరి. గ్రాములో పావు వంతు బరువు తోక దగ్గర పెరిగినా పెన్సిల్ నడక మారిపోతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టకపోతే వారం తిరిగేసరికి పెట్టెలో ఎరలన్నీ ఎర్రటి మరకలతో ఉంటాయి.

దారం విషయం త్వరగా చెప్పేస్తాను. ఏడడుగుల తేలికపాటి రాడ్డు, 2000 లేదా 2500 సైజు రీలు, సన్నటి బ్రెయిడ్ (అల్లిన దారం). దాని కొసకి, ఎరకి మధ్య కట్టే లీడర్ ముక్కకి అందరూ ఫ్లోరోకార్బన్ దారం అంటారు. అది నీటికంటే బాగా బరువు, మునిగి చిన్న పెన్సిల్ మూతిని కిందికి లాగుతుంది. నేను మామూలు నైలాన్, ఆరు నుంచి ఎనిమిది పౌండ్లది వాడతాను. గుల్లలు పట్టిన కర్రలు, వరదకి కొట్టుకొచ్చిన మొద్దులు ఉన్నచోట పది.

కాలం ముఖ్యం. జూలై నుంచి అక్టోబర్ దాకా ఎరలు పెట్టెలోనే ఉంచండి. పైన ఒడిశాలో వానలు పడి వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారంటే ఏరంతా బురద నీరు, ఎదురుగా ఉన్న ఎర కూడా చేపకి కనబడదు. వరద తీశాక ఇసుక మేటలు స్థలం మారతాయి, కిందటేడు చేప పడ్డ చోటు ఈ ఏడు ఉండదు. జనవరి చివర నుంచి మే దాకా నీరు తేటగా ఉంటుంది, అదే అదను. తెల్లారగట్ల గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, నీరు కదలదు. పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలైతే అయిదు గ్రాముల పెన్సిల్‌ని ఎదురుగాలికి విసరడం దండగ పని. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బలంగా ఉంటుంది, మేటల మీదికి నీరు బాగా ఎక్కుతుంది. అష్టమి రోజుల్లో నేను నిద్రపోతాను.

కళింగపట్నం తర్వాత నాకు నచ్చింది కళ్ళేపల్లి దగ్గర నాగావళి ముఖం. శ్రీకాకుళం నుంచి దగ్గర, పొద్దున్నే వెళ్ళి ఆఫీసు టైముకి తిరిగి రావచ్చు. బారువలో మహేంద్రతనయ అందంగా ఉంటుంది గానీ బ్రీమ్ తక్కువ కనబడింది. విజయనగరం వైపు వాళ్ళకి కోనాడలో చంపావతి ఉంది. చిన్న ఏరు, వేసవిలో నీరు బాగా తగ్గిపోతుంది, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే చూసుకోవాలి.

చిరాకులు కూడా చెప్పాలి. పొట్ట ఉబ్బించే పఫర్ చేపలు ఎర తోక కొరికి రంగు ఊడగొడతాయి. సూది మూతి చేపలు కొడతాయి, గాలానికి చిక్కవు. గరుడ పక్షి ఒకటి రెండుసార్లు నా పెన్సిల్ మీదికి దిగి చివరి క్షణంలో మనసు మార్చుకుంది. అది నిజంగా పట్టుకుని ఉంటే ఏం చేసేవాణ్ణో తలుచుకుంటేనే టెన్షన్. నీళ్ళలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వెయ్యకుండా ఇసుకలో ఈడ్చండి, తోకలో ముల్లుండే టేకు చేపలు మేటల మీద పడుకుని ఉంటాయి. పాటు లాగేటప్పుడు ముఖద్వారం అంచున నిలబడొద్దు, కాలి కింద ఇసుక జారిపోతుంది. బ్రీమ్‌ని చేత్తో పట్టుకునేటప్పుడు వీపు ముళ్ళు అందరూ చూసుకుంటారు, పొట్ట వెనక, తోకకి ముందు కింది రెక్కలో ఉన్న రెండో ముల్లు ఎవరూ చూసుకోరు. అన్నిటికంటే మందమైనది అదే. ఇంకొకటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో ఏట్లో చిన్న వలలు ఎక్కువ కనబడతాయి. వాటి దగ్గర ఎర విసరకండి. వల అంటే ఒక ఇంటి సంపాదన. మన ఎర తగులుకుంటే, తెగాల్సింది మన దారమే.

కూర కోసమైతే ఈ పద్ధతి వద్దు. రొయ్య ముక్కతో అడుగున వేసేవాడు నా పక్కనే నాకంటే ఎక్కువ పడతాడు. ఒక్క మంచి పెన్సిల్ ఖరీదుకి సంతలో వారానికి సరిపడా చేపలొస్తాయని మా అమ్మ ప్రతిసారీ గుర్తుచేస్తుంది. ఆ లెక్కకి నా దగ్గర జవాబు లేదు. తెచ్చిన అరకిలో చేపని మామిడికాయ వేసి పులుసు పెట్టిన రోజున మాత్రం ఆ లెక్క ఎత్తదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎరల సెట్లు కొనకండి. ఒక్క పారదర్శకమైన పెన్సిల్ కొని, మిగిలిన డబ్బుతో గట్టి గాలాలు, గాలం వంచి తియ్యడానికి పొడుగు మూతి పట్కారు తీసుకోండి. నా పాపర్లు పడెయ్యలేదు, భావనపాడు వెళ్ళే రోజున వేరే పెట్టెలో పట్టుకెళ్తున్నాను, పారల కోసం.