దేవమాలి ఎక్కిన చిన్న కారు, మా పెట్రోలు లెక్క

ఒడిశాలోని రాయగడలో మాది మూడో తరం. పోయిన డిసెంబరులో విజయవాడ నుంచి అక్కా బావగారూ వచ్చారు. అమ్మకు గుప్తేశ్వర్ గుహాలయం చూడాలని ఎప్పటి నుంచో కోరిక. అక్కకేమో దేవమాలి కొండ మీద మంచు చూడాలని. నేనూ మా ఆవిడా కలిపి మొత్తం ఐదుగురం. కోరాపుట్‌లో రెండు రాత్రులు ఉండి, పొట్టంగి, సాలూరు, పార్వతీపురం మీదుగా తిరిగి ఇంటికి రావాలనుకున్నాం. మూడు రోజులు, సుమారు 560 కిలోమీటర్లు.

ఏ బండి తీసుకోవాలన్న దగ్గర రెండు రోజులు వాదన నడిచింది. బావగారు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నారు. సెల్ఫ్ డ్రైవ్ చిన్న పెట్రోలు కారు రోజుకు 2,000 రూపాయలు. డ్రైవరుతో సహా పెద్ద డీజిల్ బండి రోజుకు 3,200, బ్యాటా 400 వేరే. డీజిల్ కూడా మనమే పోయించుకోవాలి. "చిన్నది లీటరుకు 18 ఇస్తుందోయ్, పెద్దది 11 కూడా ఇవ్వదు. పెట్రోలు దగ్గరే పదహారు వందలు మిగులుతాయి" అని తేల్చేశారు. నాకూ సబబుగానే అనిపించింది. కిలోమీటరు లెక్కన అడిగితే ఒకాయన డిక్కీ ఉన్న కారుకు 14 రూపాయలన్నాడు. అందులో ఇంధనం వాళ్ళదే, కానీ రోజుకు కనీసం 250 కిలోమీటర్లకు డబ్బు కట్టాలి. ఘాట్ రోడ్లలో రోజంతా తిరిగినా 200 దాటవు. తిరగని కిలోమీటర్లకు డబ్బెందుకని అది వదిలేశాం.

మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బయలుదేరాం. అమ్మ ముందు సీట్లో, వెనక ముగ్గురు. డిక్కీలో పట్టని సంచీ ఒకటి అక్క ఒళ్ళోకి వచ్చింది. లక్ష్మీపూర్ దాకా ఏ ఇబ్బందీ లేదు. అక్కడి నుంచి ఎత్తు మొదలయ్యాక బండి మూడో గేరులో లాగడం మానేసింది. రెండుకు మారిస్తే గానీ కదలదు. 1.2 లీటర్ల ఇంజను, బండి బరువే తొమ్మిది వందల కిలోల చిల్లర. దానిమీద మేమూ మా సామానూ కలిపి నాలుగు వందల కిలోలకు దగ్గర. కంపెనీ వాళ్ళు చెప్పే మైలేజీ ఇంత బరువుతో కొండ ఎక్కితే వచ్చేది కాదన్న సంగతి బావగారి కాగితంలో లేదు.

కోరాపుట్‌లో బస మామూలు లాడ్జి. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు మాత్రం ఉదయం ఏడు దాటితే రావు. కారు పెట్టుకోవడానికి లోపల చోటుంది. చిన్న కారు వల్ల సుఖపడింది ఇక్కడే, ఇరుకు గేటులోంచి ఒక్కసారిలో దూరిపోయింది. శబర శ్రీక్షేత్రంలో జగన్నాథుడి దర్శనం చేసుకుని, ఇక్కడి కొండల్లో పండే కాఫీ తాగి పడుకున్నాం.

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నింటికంటే ఎత్తైన శిఖరం. పైదాకా రోడ్డు ఉంది. చివరి మలుపుల్లో మొదటి గేరులో కూడా బండి మూలిగింది. క్లచ్ వాసన రాగానే టెన్షన్ వచ్చి ఆపేశాను. బావగారు, అక్క, మా ఆవిడ దిగి నడిచారు. అమ్మను మాత్రం కూర్చోబెట్టుకుని పైకి తీసుకెళ్ళాను. నడుచుకుంటూ వస్తున్న బావగారి పక్క నుంచి ఒక పెద్ద డీజిల్ బండి ఏడుగురితో నింపాదిగా ఎక్కి వెళ్ళిపోయింది. ఆయన దాని వంక చూడనట్టే నడిచారు. పైన మంచు మాత్రం అక్క కోరుకున్నదానికంటే ఎక్కువే దొరికింది, పది అడుగుల అవతల మనిషి కనపడలేదు.

గుప్తేశ్వర్ దారి అంత కష్టం కాదు. జయపురం దాటి, బైపారిగూడ మీదుగా అడవిలోంచి వెళ్ళే రోడ్డు. గుహలో శివలింగం, కిందుగా కొలాబ్ నది. మన వైపుకు వచ్చేసరికి అదే శబరి. చంపా చెట్ల మధ్య మెట్లెక్కేసరికి అమ్మ మోకాళ్ళు పట్టేశాయి. మెట్ల కంటే అంతకు ముందు మూడు గంటలు ముడుచుకుని కూర్చోవడమే కారణమని ఆవిడ అభిప్రాయం.

తిరుగు ప్రయాణంలో సెమిలిగూడలో ట్యాంకు నింపాను. సరిహద్దు జిల్లాల్లో ఉండేవాళ్ళకిది అలవాటు. ఒడిశాలో పెట్రోలు మీద వ్యాట్ 28 శాతం, డీజిల్ మీద 24. ఆంధ్రలో పెట్రోలుకు 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కోస్తాకు దూరమయ్యేకొద్దీ రవాణా ఖర్చు కలిసి కోరాపుట్ వైపు ధర బరంపురం కంటే పెరుగుతుంది గానీ, సాలూరులో పోయించుకోవడం కంటే నయమే.

సుంకి ఘాట్ దిగేటప్పుడు బావగారు "న్యూట్రల్‌లో వేసెయ్, పెట్రోలు మిగులుతుంది" అన్నారు. ఈ ఒక్క మాట మాత్రం వినలేదు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తేనే ఇంజను ఆరిపోకుండా కాస్త తాగుతూ ఉంటుంది. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పడం ఒకటి అదనం.

ఇంటికి వచ్చాక బిల్లులు కూడి, ట్యాంకులో మిగిలింది తీసేస్తే 46 లీటర్లు తేలింది. లీటరు 104 చొప్పున 4,784 రూపాయలు. అంటే మైలేజీ 12 దగ్గర ఆగింది. పెద్ద బండి 11 ఇచ్చినా 51 లీటర్లు, డీజిల్ 95 చొప్పున 4,845. పదహారు వందలు మిగులుతాయన్న చోట మిగిలింది 61 రూపాయలు. మొత్తం మీద చిన్న కారుకే దాదాపు ఐదు వేలు తక్కువైన మాట నిజం. కానీ అది అద్దెలో, డ్రైవరు దగ్గర మిగిలిన డబ్బు. ఇంధనం కోసం కాదు మేం ముడుచుకుని కూర్చున్నది.

అప్పుడు మేం అడగని బండి ఒకటుంది. ఏడు సీట్ల పెట్రోలు కారు, సెల్ఫ్ డ్రైవ్, రోజుకు 2,600. ఇంజను 1.5 లీటర్లు కాబట్టి అదే బరువుకు ఇంత రొప్పదు. 13 ఇచ్చిందనుకున్నా అంతా కలిపి మాకు అయినదానికంటే పదిహేను వందలే ఎక్కువ, మనిషికి 300. అందులోనే గ్యాసు బండి కూడా దొరుకుతుంది గానీ సిలిండరు సామాను చోటు మింగేస్తుంది. ఇద్దరు ముగ్గురు వెళ్ళేటప్పుడైతే ఇవేవీ అక్కర్లేదు, చిన్న కారుకు మించినది లేదు.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకో ముల్లు. వాళ్ళు మాకు ఇచ్చిన రోజు పెట్రోలు మీటరులో ఒక గీత ఉంది, "అంతే ఉంచి ఇవ్వండి" అన్నారు. మేం మూడు గీతలతో ఇచ్చాం. మిగిలిన పెట్రోలుకు డబ్బు ఇవ్వరట. సెమిలిగూడలో ఫుల్ చేయించింది నేనే కాబట్టి నోరు మెదపలేదు.

వచ్చే నెల తప్తపాణి వేడినీటి బుగ్గలకు వెళ్దామంటోంది అమ్మ. ఏడు సీట్ల బండికి అడ్వాన్సు ఇచ్చేశాను. బావగారికి ఇంకా చెప్పలేదు.