కారు లోపల కడగడానికి సీట్లు విప్పాలా, ఉన్నచోటే ఉంచాలా?

తిరుపతిలో ఇల్లుండి, ఇంటి ముందు కారు కూడా ఉంటే ఆ కారు లోపల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నెల తిరక్కుండానే చుట్టాలు దిగుతారు. కొండెక్కేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎవరో ఒక పిల్లోడు కక్కుకుంటాడు. దిగేటప్పుడు కొత్త గుండ్ల మీది చందనం హెడ్‌రెస్టుకు అంటుతుంది, కాలర్లో చిక్కిన వెంట్రుకలు సీటు గుడ్డలో గుచ్చుకుంటాయి. లడ్డూ కవర్లోంచి రాలిన జీడిపప్పు సరాసరి సీటు సందులోకే పోతుంది.

ఏడాదికోసారి లోపలంతా కడిగిద్దామని పోతే వాటర్ సర్వీసింగ్ కుర్రోడు అడిగే మొదటి మాట, "సీట్లు ఇప్పమంటావా అన్నా?" ఆరేళ్లలో నేను మూడు రకాలూ చూశాను. అసలు విప్పకుండా ఒకటి, వెనక సీటు మాత్రం ఎత్తి ఒకటి, మొత్తం బయట పెట్టి ఒకటి.

విప్పకుండా చేసే పని రెండు గంటల్లో అయిపోతుంది. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందు భాగం, పూర్తిగా ముందుకు జరిపి వెనక భాగం వ్యాక్యూమ్ పడితే దుమ్ము చాలావరకు వచ్చేస్తుంది. గుండు వెంట్రుకలు మాత్రం వ్యాక్యూమ్‌కు లొంగవు. రబ్బరు గ్లవుజు కొంచెం తడిపి ఒకే వైపుకు రుద్దితే ఉండలు చుట్టుకుని వస్తాయి. మిగిలిపోయేది సీటు పట్టాల కింద ఉన్న కార్పెట్, గేరు పక్క సందు. పొడి మురికే అయితే అది అక్కడే ఉన్నా ప్రాణం పోయేదేం లేదు.

వెనక సీటు సంగతి వేరు. చాలా చిన్న కార్లలో కూర్చునే భాగం ముందు అంచు పట్టుకుని గట్టిగా పైకి లాగితే క్లిప్పులు ఊడి లేస్తుంది. కొన్నిటికి ఒకటి రెండు బోల్టులుంటాయి. పది నిమిషాల పని, ఫలితం మాత్రం ఎక్కువ. మొదటిసారి ఎత్తినప్పుడు మా కారులో చిల్లర, పిన్నీసులు, ఎండిన పులిహోర మెతుకులతో పాటు పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒకటి దొరికింది. ఇంటిల్లిపాదినీ అడిగాను, నాదంటే నాదని ఎవరూ అనలేదు. హుండీలో వేసి వచ్చాను. ఒక జాగ్రత్త ఉంది. చాలా పెట్రోలు కార్లలో ఫ్యూయల్ పంపు మూత ఆ సీటు కిందే ఉంటుంది, కాబట్టి అక్కడ నీళ్ల పైపు పెట్టకూడదు, తడిగుడ్డ చాలు.

ఇక ముందు సీట్లు. చూడ్డానికి నాలుగు బోల్టులే. సీటు వెనక్కి జరిపి ముందు రెండు, ముందుకు జరిపి వెనక రెండు విప్పాలి. అసలు చిక్కు కింద ఉన్న వైర్లది. 2019 జూలై నుంచి తయారైన కార్లకు ముందు ఇద్దరికీ బెల్టు పెట్టుకోమని అరిచే రిమైండరు తప్పనిసరి అయింది. అందుకే కొత్త కార్ల సీట్ల కింద వైర్లను కలిపే కప్లర్లు ఉంటాయి. పసుపు రంగుది కనబడితే అది ఎయిర్‌బ్యాగు లైను. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగాకే దాన్ని ముట్టుకోవాలి. సీట్లన్నీ మళ్లీ బిగించి, కప్లర్లు పెట్టేదాకా తాళం తిప్పకూడదు.

నేను తిప్పాను. సీట్లు వరండాలో ఆరుతుంటే అద్దాలు దించుదామని బ్యాటరీ తగిలించి తాళం తిప్పాను. ఎయిర్‌బ్యాగు లైటు వెలిగింది, సీట్లు బిగించాక కూడా ఆరలేదు. మెకానిక్ స్కానర్ పెట్టి తీసేశాడు. సర్వీసింగ్‌లో మిగిలిందనుకున్న డబ్బు అతని చేతికే పోయింది.

మరి ముందు సీట్లు ఎందుకు విప్పానంటే, పాలవల్ల. మా బావమరిది గృహప్రవేశానికని పాకాల దగ్గర పల్లె నుంచి 5 లీటర్ల పాలక్యాను తెచ్చి డ్రైవర్ సీటు వెనక కాళ్ల దగ్గర పెట్టాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర అది పడింది. మే నెల. వెంటనే తుడిచాం, మరుసటిరోజు షాంపూ పట్టించాం. పొద్దున బాగానే ఉండేది, మధ్యాహ్నం తలుపు తీస్తే విరిగిన పాల కంపు ముఖాన కొట్టేది. ఇంకోసారి షాంపూ, పైన వంటసోడా, ఆపైన అగరుబత్తి. కంపుకు అగరుబత్తి వాసన తోడయింది, అంతే.

చివరికి సీటు విప్పి కార్పెట్ పైకెత్తితే తెలిసింది. పైన కార్పెట్ శుభ్రంగా ఉంది. దాని కింద దళసరి ఫెల్టు పాలు పీల్చుకుని పసుపుపచ్చగా, పిండితే జిగురు వచ్చేలా ఉంది. పైనుంచి ఎన్నిసార్లు రుద్దినా అక్కడికి చేరదు. చేరినా మళ్లీ పైకి రాదు. ఫెల్టు బయటికి తీసి ముందు చన్నీళ్లతో కడిగాం (వేడినీళ్లు పోస్తే పాలు ఇంకా అంటుకుపోతాయి), తర్వాత ఎంజైమ్ క్లీనర్ పట్టించి రెండు రోజులు మేడ మీద ఎండబెట్టాం. కంపు పోయింది.

అందుకే నా లెక్క ఇది. మురికి పొడిదైతే ముందు సీట్లు ముట్టుకోను, వెనక సీటు ఎత్తిస్తాను. పాలు, వాంతి, వాననీళ్లు ఏవైనా కార్పెట్ కిందికి దిగితే సీట్లు విప్పించకుండా ఎంత ఖర్చుపెట్టినా దండగే. 2021 నవంబరు వానల్లో ఊళ్లో నీళ్లు నిలబడ్డప్పుడు మునిగిన కార్ల లాంటి వాటికైతే ఆలోచించే పనే లేదు. మామూలు శుభ్రానికి మాత్రం కార్తీకం వానల్లో సీట్లు విప్పొద్దు. ఫోమ్ లోపల ఆరదు, బూజు పడుతుంది. మార్చి, ఏప్రిల్ ఎండలు మనకు ఊరికే వచ్చే డ్రయ్యరు.

సొంతంగా విప్పేవాళ్లకు రెండు మాటలు. సీటు బయటున్నప్పుడు జరిపే లివరు లాగొద్దు. రెండు పట్టాల్లో ఒకటి జారితే బోల్టు రంధ్రాలు ఎంతకీ కలవవు. బిగించేటప్పుడు నాలుగు బోల్టులూ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత మాన్యువల్లో రాసిన టార్కు (బిగించే బలం) ప్రకారం బిగించాలి. చాలా కార్లలో బెల్టు బకిల్ సీటుకే ఉంటుంది, అంటే గుద్దుకున్నప్పుడు మనిషిని ఆపేది ఆ బోల్టులే. టార్కు రెంచి లేకపోతే ఈ ఒక్క పని మెకానిక్‌కే వదిలేయండి.

ఈ ఏప్రిల్లో వెనక సీటు ఒక్కటే ఎత్తించాను. మా బావమరిది ఇప్పుడు పాలక్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు.