ఒంటి గొట్టం మజిల్ లోడర్: పదేళ్లు దాటిన వాడకం తర్వాత

ఈ తుపాకి, అంటే గొట్టం నోటి వైపు నుంచి మందు పోసి దట్టించే మజిల్ లోడర్, కొనాలా వద్దా అని అడిగేవాళ్లను నేను ముందు ఒక్కటే అడుగుతాను: పేల్చిన రోజు రాత్రే, ఎంత అలసటగా ఉన్నా, కూర్చుని గొట్టం కడిగే ఓపిక ఉందా? ఉంటే కొనండి, ఇంత నమ్మకమైన వస్తువు ఇంకోటి దొరకదు. లేకపోతే డబ్బు దండగ.

పాకాల దగ్గర మా చేను. కొంత మామిడి, దాని పక్కనే వానకు పండే చెనిక్కాయ. కాయ ఊరే సమయానికి కొండ వైపు నుంచి పందులు దిగుతాయి. నాయన పేరున ఉన్న పంట రక్షణ లైసెన్సు ఆయన తర్వాత నా పేరుకు మారింది. ఆయన వాడిన పాత తుపాకి గొట్టం లోపల గుంటలు పడి పలచబడిపోయింది. దాన్ని అప్పజెప్పేసి, లైసెన్సున్న డీలర్ దగ్గర ఇది కొత్తగా తీసుకున్నాను. పన్నెండు బోరు, లోపల గాళ్లు లేని నున్నటి గొట్టం, గొట్టం వెనక నిపుల్ అనే చిన్న మొన మీద, దెబ్బ తగిలితే పేలే క్యాపు పెట్టి పేల్చే రకం.

పన్నెండు బోరు లెక్క చాలామంది అడుగుతారు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత, సుమారు 18.5 మిల్లీమీటర్లు. చేతిలోకి తీసుకుంటే ముందు కొట్టొచ్చినట్టు కనబడేది ఆ పెద్ద నోరే.

దీన్ని ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అన్నది ముందే చెప్పాలి. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షనులో మజిల్ లోడర్ మాట పంట రక్షణ కోసమే వస్తుంది. పంట రక్షణ లైసెన్సు ఉంది కదా అని జంతువును కొట్టే హక్కు వచ్చేయదు. అనుమతి లేకుండా అడవిపందిని కాల్చినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసే. అందుకని మా చేన్లో ఇది పేలేది వట్టి మందుతో, పైన పలచటి అట్టబిళ్ల పెట్టి, మనుషులూ ఇళ్లూ లేని దిక్కుకు నోరెత్తి. వట్టి మందే కదా అని ఎవరి వైపూ తిప్పకూడదు. దగ్గరలో ఆ అట్టబిళ్ల, నిప్పు చాలు మనిషికి గాయం చెయ్యడానికి. గుళ్లు వేసి చూసింది మా జిల్లా బయట ఒక షూటింగ్ రేంజిలో, అనుమతి తీసుకుని. నున్నటి గొట్టం కాబట్టి ఒంటి గుండుతో దూరపు గురి ఆశించకండి, చిన్న గుళ్లు మాత్రం దగ్గర దూరంలో సమంగానే పరుస్తుంది.

ఇక శబ్దం. ఈ తుపాకి నాకు ఇంతగా నచ్చడానికి సగం కారణం అదే. నల్లమందు, అంటే పాత రకం నల్ల తుపాకి మందు, ఇప్పటి పొగలేని మందు కంటే మెల్లగా, బరువుగా తోస్తుంది. కాట్రిడ్జి తుపాకి చెవిలో చెళ్లుమంటే ఇది గుండెల్లో ధమ్మంటుంది. ఆ ధ్వని కొండకు తగిలి తిరిగొస్తుంది. తెల్లారుజామున మంచు పట్టి ఉంటే తెల్లటి పొగ గెనిమ మీదే కాసేపు నిలబడిపోతుంది. కాలిన గంధకం వాసన ఒంటి మీద చొక్కాను సాయంత్రం దాకా వదలదు. పక్క చేను ఆయన కేకేస్తాడు, "ఏం అన్నా, పందులు దిగినాయా? ఇంకొకటి పేల్చగూడదా!" ఇంకొకటి అంటే ఇక్కడ చిటికెలో అయ్యే పని కాదు. మందు కొలిచి పోసి, అట్టబిళ్ల పెట్టి, గజం అనే పొడుగాటి కర్రతో దట్టించి, క్యాపు పెట్టేసరికి పందులు కొండెక్కేసి ఉంటాయి. ఆ నిదానమే నాకు ఇష్టం. ప్రతి పేలుడుకూ మనిషి చేయీ కన్నూ మనసూ అన్నీ అక్కడే పెట్టాల్సి వస్తుంది.

పందుల మీద దీని పనితనం గురించి ఉన్నమాట చెప్తాను. మొదటి వారాలు అద్భుతంగా పని చేస్తుంది. ఆ తర్వాత వాటికి అలవాటైపోతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట నుంచి పేలిస్తే ఇంకా త్వరగా అలవాటు పడతాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టడం, మంచె మీద మనిషి ఉండడం, మధ్యమధ్యలో చోటు మార్చి ఇది పేల్చడం, అన్నీ కలిస్తేనే ఫలితం. పలమనేరు, కుప్పం వైపు రైతులు ఏనుగుల కోసం ఇది పనికొస్తుందా అని అడుగుతుంటారు. వద్దు. కౌండిన్య అడవి నుంచి వచ్చిన గుంపు బెదిరి ఏ వైపు పరిగెడుతుందో ఎవరూ చెప్పలేరు. అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేసి దూరంగా ఉండడమే మేలు.

క్యాపు విలువ మా అక్టోబరు, నవంబరు ముసురులో తెలిసొస్తుంది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలోనే కన్నుమూశాడు. ఆ కాలపు సైనికుల చేతిలో ఉన్నవి ఒత్తి తుపాకులు, చెకుముకి తుపాకులు. వాన పడితే బయట పళ్లెంలో పోసిన మందు తడిసి పనికి రాకుండా పోయేది. 1807లో స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే పాదిరీ దెబ్బ తగిలితే పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. చెకుముకి రాయి మెరుపు చూసి బాతులు ముందే లేచిపోతున్నాయన్న వేటగాడి విసుగు ఆయనది. ఆ ఆలోచన నుంచే తర్వాత చిన్న రాగి టోపీ లాంటి క్యాపు వచ్చింది. మా చేన్లో చిరుజల్లుల్లో కూడా ఇది నమ్మకంగా పేలింది. పొడి డబ్బాలో క్యాపులు, మూత గట్టిగా ఉన్న సీసాలో మందు, ఇంతే కావాల్సింది.

మందు దగ్గర మాత్రం ఒక్క ఇసుమంత సడలింపు కూడా వద్దు. ఇందులో నల్లమందు తప్ప వేరేది పోయకూడదు. కాట్రిడ్జి విప్పి అందులోని మందు పోయడం, దీపావళి బాంబులు చించి ఆ పొడి పోయడం, రెండూ గొట్టాన్ని చీల్చే పనులే. పల్లెల్లో చేతులు పోగొట్టుకున్నవాళ్ల కథల వెనక ఎక్కువగా ఇవే ఉంటాయి. నల్లమందును కొలత గిన్నెతో కొలిచి పోయాలి. సీసా నుంచి నేరుగా గొట్టంలో ఎప్పుడూ పోయకూడదు. లోపల వెనకటి నిప్పురవ్వ మిగిలి ఉంటే సీసా మొత్తం చేతిలోనే అంటుకుంటుంది. ఎంత మందు ఉంచుకోవాలో లైసెన్సు పుస్తకంలో రాసి ఉంటుంది, దానికి మించి ఇంట్లో పెట్టుకోవద్దు.

మందు మీద పెట్టేది కూడా ముఖ్యమే. మా ప్రాంతంలో పాతవాళ్లు కొబ్బరి పీచు కూరేవాళ్లు. పీచు బయటికి వచ్చి రగులుతూనే పడుతుంది. మార్చి దాటాక మామిడి తోటలో ఎండుటాకుల మీద అది పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. నేను అట్టబిళ్లలు వాడతాను, పేల్చాక అవి పడిన చోటికి వెళ్లి కాలితో నలిపి వస్తాను. గుడ్డ వాడాల్సి వస్తే వట్టి నూలుదే, పాత పంచె ముక్క బాగుంటుంది. టెర్లిన్ కలిసిన గుడ్డ ఆ వేడికి కరిగి గొట్టం లోపల జిగురులా అంటుకుంటుంది.

గజం మీద నేను పెట్టుకున్న రెండు గాట్ల గురించి చెప్పకుండా ఉండలేను. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు గజం అడుగుదాకా దించి, నోటి దగ్గర ఒక గాటు. మామూలుగా దట్టించినప్పుడు నోటి దగ్గర ఇంకొక గాటు. తుపాకి ఎప్పుడు చేతిలోకి తీసుకున్నా ముందు గజం దించి చూస్తాను. రెండో గాటు నోటి దగ్గరుంటే లోపల మందు ఉన్నట్టు. ఆ రెండు గాట్లలో ఏదీ నోటి దగ్గరికి రాకుండా వేరే ఎక్కడో ఆగితే లోపల ఏదో అడ్డుపడ్డట్టు, పేల్చకూడదు. మందుకీ పైనున్నదానికీ మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బుతుంది, చీలనూ వచ్చు. ఈ తుపాకి తాళం వేసిన బీరువాలో ఉన్నా సరే, దట్టించి మాత్రం ఎప్పుడూ పెట్టను. క్యాపు పేలి లోపలి మందు అంటుకోకపోతే నోరు సురక్షితమైన దిక్కుకే ఉంచి నిమిషం పైగా ఆగాలి. ఆలస్యంగా పేలడం ఈ రకంలో ఉన్నదే.

కడగడం. నల్లమందు కాలినప్పుడు సగానికి పైగా గట్టి మడ్డిగా మిగిలిపోతుంది. ఆ మడ్డిలో పొటాషియం ఉప్పులు, అవి గాలిలోని తడిని పీల్చుకుంటాయి. ముసురు రోజుల్లో ఒక్క రాత్రిలో ఇనుము ఎర్రబడుతుంది. నూనెతో తుడిస్తే పోదు, ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి వేడి నీళ్లే మందు. గొట్టాన్ని కొయ్య నుంచి విప్పి, నిపుల్ తీసి, వెనక కొసను బకెట్లో ముంచుతాను. గజానికి గుడ్డ చుట్టి పైకీ కిందికీ ఆడిస్తే నిపుల్ రంధ్రం నుంచి నీళ్లు సైకిల్ పంపు గాలిని లాగినట్టు లోపలికెక్కి మళ్లీ బయటికి చిమ్ముతాయి. మొదట వచ్చే నీళ్లు కాటుకలా నల్లగా ఉంటాయి, కుళ్లిన గుడ్డు వాసన వేస్తాయి. తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత తేట. చివరి బకెట్ బాగా కాగిన నీళ్లయితే ఇనుము ఆ వేడికి తనంతట తానే ఆరిపోతుంది. అప్పుడు పొడి గుడ్డ, దాని మీద తుపాకి నూనె. కొబ్బరినూనె వద్దు, చలికాలంలో గడ్డకడుతుంది. మర్నాడు పొద్దున మళ్లీ ఒక తెల్లగుడ్డ దించి చూడాలి. గోధుమ రంగు కనబడితే ఇంకోసారి నూనె. 2021 నవంబరులో తిరుపతి మునిగినంత వానల్లో మా ఇంట్లో గోడలు చెమర్చాయి, పుస్తకాలు బూజు పట్టాయి. గొట్టం లోపల మాత్రం అద్దంలా ఉంది, ఆ నెల అంతా నూనె గుడ్డ మానలేదు కాబట్టి.

మళ్లీ వాడే ముందు ఆ నూనె తుడిచెయ్యాలి. తర్వాత ఖాళీ తుపాకి నోటిని నేల మీద ఒక ఎండుటాకుకు దగ్గరగా పెట్టి, ఉత్త క్యాపు ఒకటి పేలుస్తాను. ఆకు కదిలితే నిపుల్ దారి తెరిచి ఉన్నట్టు. కదలకపోతే రంధ్రంలో నూనె నిలిచినట్టు, సన్నటి తీగతో శుభ్రం చేసి మళ్లీ చూడాలి.

ఎన్నికలొస్తే తుపాకి అప్పజెప్పాలి. 2024లో మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. మధ్యలో అది ఒక గదిలో గోడకు ఆనించి ఉంది. తిరిగి చేతికొచ్చినప్పుడు గొట్టం బయట తుప్పు చుక్కలు, గుర్రం (క్యాపును కొట్టే సుత్తి) దగ్గర కొయ్య మీద గీత. నాకు నిజంగా బాధేసింది. ఆ గీతను ఇప్పటికీ వేలితో తడుముతుంటాను. అప్పటినుంచి అప్పజెప్పే ముందు చిక్కటి గ్రీజు లోపలా బయటా పూసి, నూనె గుడ్డలో చుట్టి, నంబరు కనబడేలా చీటీ కట్టి ఇస్తున్నాను. లైసెన్సున్న డీలర్ దగ్గర జమ చేసే వీలుంటే అది ఇంకా మేలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి పాకాల తిరుపతి జిల్లాలోకి వచ్చాక నా ఫైలు చిత్తూరులో ఉందా తిరుపతిలో ఉందా తేలడానికి చాలా తిరిగాను. రెన్యువల్ గడువుకు నెలల ముందే మొదలుపెట్టండి. అడవి అంచు దారుల్లో తుపాకి పట్టుకుని వెళ్తే ఎవరైనా ముందు దొంగ నాటు తుపాకే అనుకుంటారు. లైసెన్సు పుస్తకం తుపాకితోపాటే కదలాలి.

తుపాకి తయారీలో లోపాలు ఉన్నాయి. ట్రిగ్గర్ మొదటినుంచీ బరువు. కొయ్యకు సరైన పాలిష్ లేదు, వానాకాలం ఉబ్బి గొట్టం విప్పడం కష్టమయ్యేది. అవిసె నూనె పొరలు పొరలుగా పట్టించాక కుదురుకుంది. దీంతో వచ్చిన గజం నారవెంట చీలింది. విరిగిన కొయ్య చేతిలోకి దిగే ప్రమాదం ఉంది, వెంటనే మార్చేశాను. గొట్టం మాత్రం మచ్చలేనిది. దాని మీద ప్రూఫ్ ముద్ర (గొట్టం పరీక్షకు తట్టుకుందని వేసే గుర్తు), నంబరు చదవగలిగేలా ఉన్నాయో లేదో, ఆ నంబరు కాగితాల్లో ఉన్నదేనో కొనేటప్పుడే చూసుకోండి.

అన్నిటికంటే త్వరగా అరిగేది నిపుల్. పేలిన ప్రతిసారీ వేడి గాలి ఆ సన్నటి రంధ్రాన్ని కోస్తూ పెద్దది చేస్తుంది. గుర్రం వెనక్కి ఎగరడం, క్యాపు ముక్కలు చిమ్మడం మొదలైతే మార్చాల్సిన రోజు వచ్చినట్టే. కళ్లకు అద్దాలు లేకుండా పేల్చొద్దు. వీధిలో లేత్ ఉంది కదా అని అక్కడ చేయించకండి, తుపాకి బాగుచేయడానికి కూడా లైసెన్సు కావాలి. కొన్న రోజే అదే మరకు సరిపోయే నిపుళ్లు రెండు మూడు అదనంగా, వాటిని విప్పే తాళంతో సహా, అదే డీలర్ దగ్గర తీసుకోండి. మరలు తయారీని బట్టి మారతాయి, తర్వాత వెతికితే దొరకవు.