475 గ్రాముల పత్తి విత్తనాల పొట్లం: అందులో ఎవరూ అడగని ఆ కొన్ని గింజలు

మొలక బాగుంది. పొట్లం మీద ఉన్న 901 రూపాయలే తీసుకున్నారు, బిల్లు అడగకుండానే చేతిలో పెట్టారు. తొలకరి గిరాకీ రోజుల్లో ఆదోనిలో ఈ రెండూ జరగడమే విశేషం కాబట్టి దుకాణానికి వేయాల్సిన మార్కులు ముందే వేసేస్తున్నాను. ఇక పొట్లం సంగతి.

ఇది 475 గ్రాముల కొత్త రకం పొట్లం. ఇందులో కనీసం 5 శాతం, ఎక్కువలో ఎక్కువ 10 శాతం బీటీ లేని పత్తి గింజలు కలిపి ఉంటాయి. బీటీ అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా ఒక బాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి. ఏది ఏదో కంటితో చూసి తేల్చలేం. పాత పొట్లాలు కొన్నవారికి గుర్తుండే ఉంటుంది: 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల చిన్న సంచి విడిగా వచ్చేది. చేను చుట్టూ ఐదు వరుసలు, లేదా మొత్తం విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత ఆ గింజలు వేయాలని నియమం. మా వైపు అలా వేసినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగతా సంచులన్నీ గట్టుపాలే. “పురుగును మేపడానికి నా చేను నేనెందుకు ఇవ్వాలి వదినా?” అని మా మరిది ఏటా అడిగేవాడు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం ఆ సంచి మీద ఉండేది కాదు, ఈ కొత్త పొట్లం మీదా చదవగలిగేలా లేదు. నా మొదటి ఫిర్యాదు ఇదే. విత్తే దూరం, ఎరువుల మోతాదు, కంపెనీ గొప్పలు అన్నీ అచ్చువేశారు. ఈ గింజలు ఎందుకు కలిపారో చెప్పే ముక్క చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో ఉంది.

కౌంటరు దగ్గర ఇదే అడిగితే దుకాణదారు తేలిగ్గా తీసేశాడు. “పురుగు బీటీకి అలవాటు పడిపోయిందమ్మా. ఏ కంపెనీదైనా ఇప్పుడు ఒకటే.” జువాలజీతో డిగ్రీ చేసి, పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పే మనిషిని, ఈ మాట విని ఊరుకోలేకపోయాను. బతుకులో అలవాటు చేసుకున్న గుణం పిల్లలకూ వస్తుందన్న పాతకాలపు శాస్త్రవేత్త లామార్క్‌కు ఆయన తెలియకుండానే శిష్యుడు. జిరాఫీ మెడ సాగదీసి సాగదీసి పొడుగైందన్న పాఠం లాంటిదే ఇదీ. బీటీ విషం మామూలు పురుగు పేగు గోడకు చిల్లులు పొడుస్తుంది. తిండి మానేసి కొద్ది రోజుల్లో చచ్చిపోయే పురుగుకు అలవాటు పడే తీరిక ఎక్కడిది?

జరిగింది వేరు. ఆ విషం పని చేయాలంటే పేగు గోడ మీద ఉండే కాడ్‌హెరిన్ లాంటి ప్రోటీనుకు అతుక్కోవాలి. ఏ కొన్ని పురుగులకో ఆ ప్రోటీను పుట్టుకతోనే తేడాగా ఉంటుంది, విషం అతుక్కోదు. ఆ తేడాను బీటీ పుట్టించలేదు. తేడా లేనివాటిని చంపి, ఉన్నవాటికి చేనంతా వదిలిపెట్టింది. 1859లో డార్విన్ వివరించిన ప్రకృతి వరణానికి కావలసినవి మూడే. జీవుల మధ్య తేడాలు ఉండాలి, అవి పిల్లలకు సంక్రమించాలి, బతికేదేదో చచ్చేదేదో వాటిని బట్టి తేలాలి. మూడూ మా నల్లరేగడి చేలోనే ఉన్నాయి. పైగా ఇంచుమించు నెలకో తరం.

ఇది కొత్త కథ కూడా కాదు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాయలు తొలిచే పచ్చ పురుగు సింథటిక్ పైరిథ్రాయిడ్ అనే పురుగు మందులకు లొంగకుండా పత్తిని ఊడ్చేసింది. 2002లో ఒక జన్యువుతో బీటీ పత్తి వచ్చింది, 2006లో రెండు జన్యువులతో బోల్‌గార్డ్-2 వచ్చింది. మొదటిదాన్ని తట్టుకునే గులాబీ రంగు పురుగు (కాయలో దూరి గింజలు తినే ఇంకో పురుగు) గుజరాత్‌లో ఉందని 2010లో బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే రెండోదీ దాని ముందు ఓడింది.

ఇప్పుడు మా మరిది ప్రశ్నకు జవాబు. తట్టుకునే గుణం చాలావరకు అంతర్గతం. అంటే తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ జన్యువు వస్తేనే పురుగు బీటీ కాయ తిని బతుకుతుంది. ఒక్క వైపు నుంచే వస్తే చస్తుంది. చేనంతా బీటీయే అయితే బతికి రెక్కలొచ్చిన రెండో మూడో పురుగులకు జతకట్టడానికి దొరికేవి వాటిలాంటివే. ఇక పిల్లలన్నీ మొండివే. అదే పక్కన బీటీ లేని వరుసలు ఉంటే అక్కడ మామూలు పురుగులు వందల్లో పెరిగి రెక్కలు విప్పుతాయి. మొండి పురుగుకు ఎక్కువగా వాటితోనే జత కుదురుతుంది. పిల్లలకు జన్యువు ఒక్క వైపు నుంచే అందుతుంది, బీటీ కాయ కొరకగానే వాటి కథ ముగుస్తుంది. మేపిన పురుగులే మనకు కాపలా అన్నమాట. గట్టు మీద పారేసిన 120 గ్రాములు ఈ పనికి ఉద్దేశించినవి.

తమాషా ఏమిటంటే, ఆ సంచులు ఎవరూ వేయకపోయినా పచ్చ పురుగు గులాబీ పురుగంతగా మొండికేయలేదు. కంది, శనగ, టమాటా, ఏది దొరికితే అది తింటుంది కాబట్టి, మన జిల్లాలో బీటీ లేని మేత దానికి ఊరూరా ఉంది. గులాబీ పురుగుకు దాదాపు పత్తే లోకం. గట్టున కంది వేసి నియమం పాటించామనుకునేవారు ఇది గమనించాలి. కంది వల్ల పచ్చ పురుగు విషయంలో మేలు జరుగుతుంది, గులాబీ పురుగు విషయంలో ఏమీ జరగదు.

మరి కలిపి అమ్మడం మంచిదేనా? నా ఓటు సగమే. పారేసే అవకాశం లేకపోవడం మంచిది. గులాబీ పురుగు చొరబడిన కాయలోనే ఉండిపోతుంది కాబట్టి మొక్కలు కలిసి ఉన్నా పెద్ద నష్టం లేదు. పచ్చ పురుగు అలా ఉండదు, మొక్క మార్చి మొక్క తిరుగుతుంది. బీటీ లేని మొక్క మీద బలిసి బీటీ మొక్క మీదికి పాకితే విషం దాని మీద అంతగా పని చేయదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు 5 శాతం చాలా తక్కువ కావడం. దానికి తోడు మనం వేసేది హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపి పుట్టించిన విత్తనం. దాని కాయలో గింజలన్నీ ఒకేలా ఉండవు, ఒక జన్యువు లెక్కన చూస్తే నాలుగో వంతు గింజల్లో బీటీ ఉండదు. పురుగు తినేదేమో గింజనే. ఒకే కాయలో విషం ఉన్న గింజా లేని గింజా పక్కపక్కన ఉంటే, జన్యువు ఒక్క వైపు నుంచి వచ్చిన అర మొండి పురుగులు కూడా గట్టెక్కుతాయి.

పూత మొదలయ్యాక చేలో గుడ్డి పూలు చూశాం. రేకులు విప్పుకోకుండా కొసలు దగ్గరికి ముడుచుకుని గులాబీ మొగ్గలా ఉంటాయి. ఒకటి తెంపి ట్యూషన్ పిల్లల ముందు విప్పాను. లోపల నల్ల తల చిన్న పురుగు పుప్పొడిలో దొర్లుతోంది. తర్వాత పచ్చి కాయలు కోస్తే, పైన చిల్లు కనిపించని కాయలో కూడా గింజలు రెండేసి అతుక్కుపోయి, దూది పసుపు పట్టి, మధ్యలో గులాబీ చారల పురుగు. “ఇది బీటీ మొక్కే కదా టీచర్, మరి ఎందుకు చావలేదు?” అని ఒక పిల్ల అడిగింది. పాఠ్యపుస్తకంలో ఈ అధ్యాయానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు.

కాబట్టి గులాబీ పురుగు కోసమని ఈ పొట్లాన్ని నమ్ముకోకండి. పచ్చ పురుగు వరకు ఇది ఇప్పటికీ పనికొస్తుంది. గులాబీ పురుగుకు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) కట్టండి. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టే వేళైనట్టు. తక్కువ కాలంలో చేతికొచ్చే రకం ఎంచుకుని డిసెంబరుతో పంట ముగించండి. మార్చి దాకా మోళ్ళకు నీళ్ళు పెట్టి ఇంకో క్వింటా ఏరుకునే అలవాటు మా వైపు ఉంది. ఆ క్వింటాతో పాటు వచ్చే ఏటి పురుగునూ మనమే పెంచుతున్నాం. అమెరికా పత్తి చేలలో 2018 నాటికి గులాబీ పురుగును లేకుండా చేయగలిగారు. అక్కడ బీటీ ఒక్కటే ఆ పని చేయలేదు. జతకట్టినా పిల్లలు పుట్టని గొడ్డు పురుగులను కోట్ల కొద్దీ వదిలారు, పంట తీశాక మోళ్ళు దున్నేశారు.

అయిదులో మూడు మార్కులు. రెండు కోతా ఆ చీమ తలకాయ అక్షరాలకే. కొన్నాక లాట్ నంబరు కనిపించేలా పొట్లం, దానితో బిల్లు పంట చేతికొచ్చేదాకా దాచుకోండి, తేడా వస్తే ఫిర్యాదుకు అవే ఆధారం.