తుపాకీ బట్టు కోయించే ముందు ఆగండి: పన్నెండు బోరు తుపాకీ కొనేవాళ్లకు జాగ్రత్త హెచ్చరిక

విజయవాడ, గుంటూరు వైపు ట్రాప్ షూటింగ్ (గాలిలోకి ఎగరేసిన మట్టి బిళ్లల్ని కాల్చే ఆట) కోసమో, పొలం కాపలాకో పన్నెండు బోరు కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. బట్టు అంటే తుపాకీ వెనక భుజానికి ఆనే కర్ర భాగం. "బట్టు మీ కొలతకి కోసి, కొత్త రబ్బరు ప్యాడ్ వేసి ఇస్తామండీ, దానికి వేరే డబ్బులక్కర్లేదు" అని దుకాణంవాళ్లు అంటే వెంటనే సరే అనకండి. విజయవాడలో ఒక దుకాణంలో నేను తీసుకున్న సెకండ్ హ్యాండ్ ఓవర్ అండర్‌కి (ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలుండే తుపాకీకి) ఇలాగే చెప్పి, బట్టు పాడుచేసి చేతిలో పెట్టారు. గొట్టాలు, ట్రిగ్గర్లు నిక్షేపంగా ఉన్నాయి. పోయింది కర్రే. అయితే తుపాకీ మన ఒంటికి ఆనేది ఆ కర్రే కదా.

ట్రిగ్గర్ నుంచి బట్టు చివర మధ్య భాగం దాకా ఉండే దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. బయటి దేశాల నుంచి వచ్చే తుపాకులకు ఇది చాలావరకు పద్నాలుగు, పద్నాలుగున్నర అంగుళాల దగ్గర ఉంటుంది. అక్కడివాళ్ల ఒడ్డూ పొడవుకి సరిపోయే కొలత అది. మనలో పొట్టిగా ఉన్నవాళ్లకు ఎక్కువవుతుంది. భుజానికి ఎత్తుతుంటే బట్టు చంకలో చొక్కాకి తట్టుకుంటుంది. నాకూ అదే ఇబ్బంది. ఉన్నది పద్నాలుగున్నర. ప్యాడ్‌తో కలిపి పదమూడుంముప్పావు ఉండాలని కోచ్ గారు కొలిచి చెప్పారు. అదే అంకె కాగితం మీద రాసి దుకాణంలో ఇచ్చాను.

వాళ్లు చేసిన లెక్క చూడండి. పద్నాలుగున్నరలోంచి పదమూడుంముప్పావు తీసేస్తే ముప్పావు అంగుళం. సరిగ్గా అంత కర్ర కోసేశారు. దానిమీద అంగుళం మందం ప్యాడ్ బిగించారు. అంతకుముందు అక్కడ ఉన్నది పలుచటి ప్లాస్టిక్ పట్టీ మాత్రమే. దాంతో బట్టు తగ్గకపోగా, కోయకముందు కన్నా కాస్త పెరిగింది! ప్యాడ్ మందం కూడా పొడవులో భాగమేనని తుపాకులు బాగుచేసే మనిషికి తెలియకపోతే ఎలా?

అది చూపిస్తే "దానిదేముందండీ, ఇంకాస్త తీసేద్దాం" అని మళ్లీ రంపం పెట్టారు. ఈసారి మధ్యలో పదమూడుంపావుకి వచ్చింది. కాల్చగానే కుడిచేతి బొటనవేలు వచ్చి ముక్కుకి తగులుతోంది. తుపాకీ సరిగ్గా ఎత్తిపట్టినప్పుడు బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలంటారు. నాకు ఒక వేలు కూడా పట్టలేదు.

పొడవు ఒక్కటే అయితే కర్రకీ ప్యాడ్‌కీ మధ్యలో స్పేసర్ (పొడవు పెంచే ముక్క) వేసి సర్దుకోవచ్చు. అసలు నష్టం కోత వాలులో జరిగింది. బట్టు చివర గొట్టాలకి నిటారుగా ఉండదు, కొద్దిగా వాలుగా ఉంటుంది. దీన్ని పిచ్ అంటారు. కింది మొన కొంచెం లోపలికి ఉంటేనే ప్యాడ్ మొత్తం భుజం గుంటలో సమంగా కూర్చుంటుంది. వీళ్లు చేతిరంపంతో అడ్డంగా లాగేశారు. కింది మొన బయటికి ఉండిపోయి, ప్రతి తూటాకీ ఛాతీ పక్కన ఒకేచోట పొడుస్తోంది. అక్కడ నల్లగా కమిలింది. మరీ వాలు ఎక్కువైతే ఇంకో బాధ. బట్టు భుజం మీదకి పైకి జారి, కర్ర చెంపని కొడుతుంది.

ఇది మీరే చూసుకోవచ్చు. తుపాకీ ఖాళీగా ఉందని తెరిచి చూసుకున్నాక, బట్టు నేలమీద పూర్తిగా ఆనేలా గోడ పక్కన నిలబెట్టండి. గొట్టాల పైభాగం గోడవైపు ఉండాలి, ట్రిగ్గర్ పైన ఉండే భాగం గోడకి తాకాలి. మామూలుగా గొట్టాల చివర గోడకి ఒకటి రెండు అంగుళాల ఎడంలో ఉంటుంది. నా తుపాకీకి చివర గోడకి ఆనేసింది, మధ్యలో సందు వచ్చింది. దుకాణంలోనే ఈ పరీక్ష చేసి చూపించినా "రెండు డబ్బాల తూటాలు కాలిస్తే అలవాటైపోద్దండీ" అన్నారు.

అలవాటు అవదు. ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతున్న విషయం. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాద్ కినన్ చెనాయ్ ట్రాప్‌లో కాంస్యం, టీమ్ స్వర్ణం తెచ్చాక నాకు తెలిసిన కుర్రాళ్లు కొందరు ఈ ఆట గురించి అడుగుతున్నారు. కొత్తవాళ్లకి ఇలాంటి తుపాకీ ఇస్తే నొప్పి వాళ్ల చేతకానితనం వల్ల అనుకుంటారు. తన్నుతుందన్న భయంతో ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకోవడం మొదలవుతుంది. ఆ భయం ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం చాలా కష్టం.

ప్యాడ్ సంగతీ చెప్పాలి. అది బట్టు కన్నా వెడల్పు. బిగించాక తుపాకీ మీదే ఉంచి గ్రైండర్ పట్టారు. పై మొన దగ్గర కర్ర పాలిష్ లేచిపోయింది. బట్టు అడుగు గీత ప్యాడ్‌లోకి అదే వాలుతో సాగాలి. ఇక్కడ రబ్బరు కిందికి గడ్డంలా పొడుచుకొచ్చింది. ఒక స్క్రూ కదులుతుంటే విప్పి చూశాను. పాత రంధ్రంలో అగ్గిపుల్లలు విరిచి జిగురు పోసి, అందులోనే బిగించారు. ఒక పుల్లకి మందు కూడా అలాగే ఉంది. అక్కడ గట్టి చెక్క మేకు దించి కొత్త రంధ్రం వేయాలి. రబ్బరు కూడా పాతదే, వేలికి జిగటగా అంటుకుంటోంది. మన ఎండలకి మూలన పడున్న రబ్బరు అలా అవుతుంది, లేదా గట్టిపడి గోరు దిగదు. ప్యాడ్ కొనేటప్పుడు వేలితో నొక్కి చూడండి. ఎంత మంచి ప్యాడ్ వేసినా కొలత తప్పిన బట్టుని అది కాపాడలేదు.

కాబట్టి రంపం పెట్టకముందే పై మొనకి, మధ్యకి, కింది మొనకి ఎంతెంత ఉండాలో మూడు కొలతలూ ప్యాడ్‌తో కలిపి బిల్లు మీద రాయించుకోండి. రెండు ట్రిగ్గర్లుంటే ముందు ట్రిగ్గర్ నుంచే కొలవాలి. కాల్చేటప్పుడు వేసుకునే చొక్కా, జాకెట్‌తోనే కొలత ఇవ్వండి. మోచేతి మడతలో బట్టు పెట్టి, వేలు ట్రిగ్గర్‌కి అందితే చాలనే లెక్క నమ్మొద్దు. మెడ పొడవు, భుజాల వెడల్పు దానికి తెలియవు. ఒకేసారి కోయనివ్వకండి, కొంచెం కోసి ఎత్తి చూసుకోండి. కోసిన ముక్క అడిగి తెచ్చుకోండి. మంచి పనివాడైతే దాన్నే స్పేసర్‌గా వాడి గీతలు కలిసేలా అతికిస్తాడు. నా ముక్క ఏదని అడిగితే చెత్తలో పడేశామన్నారు.

ఇంటి దగ్గర వడ్రంగికి ఇద్దామనుకునేవాళ్లూ ఆగండి. 1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతుకీ లైసెన్సు ఉండాలి. పైగా 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు రెండు ఆయుధాలే ఉంచుకోవచ్చు. పాడైనదాన్ని మూలన పెట్టి ఇంకోటి కొందామంటే అంత సులువు కాదు. వేరే ఊరికి బాగుచేయించడానికి తీసుకెళ్లేముందు మీ లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో కూడా చూసుకోండి.

డబ్బు వెనక్కి ఇవ్వడానికి గానీ, బట్టు మార్చడానికి గానీ దుకాణంవాళ్లు ఒప్పుకోలేదు. రాసిచ్చిన కొలత కాగితం ఫొటో, బిల్లు, గోడ దగ్గర తీసిన ఫొటోలు పెట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. అక్కడ ఫిర్యాదుకి రెండేళ్ల గడువు ఉంటుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కూడా నమోదు చేసుకోవచ్చు. మీకూ ఇలా జరిగి ఉంటే కాగితాలు పారేయకండి. ఓవర్ అండర్ బట్టుకి వాలు సరిచేసి స్పేసర్ వేసే లైసెన్సున్న పనివాళ్లు హైదరాబాద్‌లో గానీ ఇక్కడ గానీ మీకు స్వయంగా తెలిస్తే చెప్పండి, పని చూశాకే తుపాకీ ఇస్తాను.