కుర్చీ మెట్ల పైన, మోకాలు మెట్ల కింద

నాలుగేళ్లకు పైగా వారానికి నాలుగైదుసార్లు వెళ్తున్న కాఫీ దుకాణం గురించి ఇప్పుడు రాయడానికి కారణం కాఫీ కాదు, కుర్చీ. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఈ దుకాణం కింది భాగంలో నిలబడి తాగే ఎత్తు బల్లలూ, కూర్చుంటే కాళ్లు నేలకందని స్టూళ్లూ మాత్రమే ఉన్నాయి. వీపు ఆన్చుకునే కుర్చీలన్నీ పై అంతస్తులోని ఏసీ హాలులో ఉన్నాయి. అక్కడికి చేరాలంటే 19 మెట్లు ఎక్కాలి. లిఫ్టు లేదు, ఒకవైపు మాత్రమే పట్టుకునే కమ్మీ ఉంది. కూర్చోవలసిన అవసరం ఎవరికి ఎక్కువో వారికే కుర్చీ అందని ఈ అమరికను చూసినప్పుడల్లా, దీన్ని ఆలోచించిన వారింట్లో పెద్దవాళ్లెవరూ లేరేమో అనిపిస్తుంది. దుకాణం పేరు రాయడం లేదు, ఎందుకంటే నా కోపం అమరిక మీదే తప్ప అక్కడ పనిచేసేవారి మీద కాదు.

కాఫీ ఎలా ఉంటుందో ఆ చుట్టుపక్కల వారికి నేను చెప్పనక్కర లేదు. తెరిచిన కొత్తలో పదిమందికి చెప్పి పంపినదాన్ని నేనే. పొడి పొట్లం మీద కాఫీ 80, చికోరీ 20 అని స్పష్టంగా ముద్రిస్తారు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలనీ, ఏది ఎంత కలిపారో పొట్లం మీద చెప్పాలనీ నిబంధన ఉన్నా, ఆ అంకెను భూతద్దంతో వెతుక్కోవలసిన చోట వేసేవారే ఎక్కువ కనుక ఈ పద్ధతి నాకు నచ్చింది. 20 రూపాయల కాఫీ 35 అయినప్పుడు కూడా నేను నొచ్చుకోలేదు. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ విపణిలో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటిందని చదివినదాన్ని, ఆ భారాన్ని దుకాణదారు ఒక్కడే మోయాలని ఎలా అనగలను?

మొదట్లో కింది భాగంలోనే నాలుగు చెక్క బల్లలు, వాటి చుట్టూ కుర్చీలు, గోడ పొడవునా ఒక బెంచీ ఉండేవి. వాటిని ఎందుకు తీసేశారో నాకు తెలియనిది కాదు. దగ్గరలోనే అశోక్‌నగర్‌లో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. గ్రూప్ పరీక్షలకు చదువుకునే పిల్లలు అక్కడ చోటు దొరకనప్పుడు ఇక్కడికి వచ్చి, ఒక కాఫీని ఇద్దరు పంచుకుని, పుస్తకాలు పరుచుకుని రెండేసి గంటలు కూర్చునేవారు. నెలకు లక్షల్లో అద్దె కట్టే మనిషికి అది ఎలా ఉంటుందో ఊహించగలను. అద్దె గదిలో నలుగురితో సర్దుకుంటూ చదువుకునే పిల్లవాడికి ఆ బెంచీ ఎంత అపురూపమో కూడా ఊహించగలను. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో కవులు గంటల తరబడి కూర్చుని మాట్లాడుకునేవారని మా నాన్నగారు చెబుతుండేవారు; ఆనాటి అద్దెలు వేరు, ఆనాటి తీరిక వేరు. ఏమైనా, పిల్లలను లేపలేక యజమాని కుర్చీలనే లేపేశాడు. పిల్లలు గ్రంథాలయం ముందరి ఫుట్‌పాత్ మీదికి వెళ్లారు. నావంటివాళ్లం ఎక్కడికీ వెళ్లలేక నిలబడిపోయాం.

2024 ఆగస్టులో నా ఎడమ మోకాలికి కీలు మార్పిడి ఆపరేషన్ అయింది. అంతకుముందు నేను కూడా ఎత్తు బల్ల దగ్గర నిలబడి ఐదు నిమిషాల్లో కాఫీ ముగించి వెళ్లినదాన్నే కనుక, అప్పుడు ఈ అమరిక నా కంటికి ఆనలేదని నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆపరేషన్ అయిన నాలుగు నెలలకు, డిసెంబరులో ఒక సాయంత్రం, త్యాగరాయ గానసభలో కచేరీ ముగిశాక మావారితో కలిసి అక్కడికి వెళ్లాను. శనివారం, పైగా కచేరీ విడిచిన సమయం. టోకెన్ తీసుకునే వరుస గుమ్మం దాటి రోడ్డు మీదికి వచ్చింది. మావారు వరుసలో నిలబడ్డారు. నేను చేతికర్రతో లోపలికి వెళ్లి, గల్లా దగ్గర ఉన్న అబ్బాయిని ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇప్పించమని అడిగాను.

"కింద కుర్చీలు వెయ్యడం లేదు మేడమ్, పైన ఏసీ హాలుంది, వెళ్లండి" అన్నాడు, చిల్లర లెక్కపెడుతూనే. నా చేతికర్రను చూపించి, మెట్లు ఎక్కలేనన్నాను. "అయితే స్టూలు మీద కూర్చోండి" అన్నాడు. ఆ స్టూలు నా నడుము ఎత్తున ఉంది. దానిమీదికి ఎక్కాలంటే ఒక కాలు అడ్డకమ్మీ మీద మోపి, రెండో కాలు గాలిలోకి లేపి, శరీరాన్ని మెలితిప్పాలి; రెండు మంచి మోకాళ్లున్నవారికి కూడా అది చిన్న కసరత్తే.

ఇదంతా చూస్తున్న బల్లలు తుడిచే కుర్రాడు ఒకడు, తెలుగు ఇంకా పూర్తిగా పట్టుబడని ఒడిశా అబ్బాయి, వెనక్కి పరుగెత్తి నీలిరంగు పాల క్రేటును తెచ్చి, బోర్లించి, దానిమీద మడతపెట్టిన దినపత్రిక పరిచి, "అమ్మా, కూర్చో" అన్నాడు. ఆ ఆదరానికి కాదనలేక కూర్చున్నాను. అదే పొరపాటు. నా డాక్టరు తక్కువ ఎత్తు ఆసనాల మీద కూర్చోవద్దని పదేపదే చెప్పారు, ఎందుకంటే కూర్చోవడం సులువే, లేవడమే కష్టం. పైగా అక్కడ కూర్చున్న నాకు బల్ల ఉపరితలం తల కన్నా ఎత్తున ఉంది. మావారు తెచ్చిన కాఫీని పెట్టుకోవడానికి చోటు లేక, ఒక చేత్తో దబరా, మరో చేత్తో కాలుతున్న గ్లాసు పట్టుకుని, చుట్టూ నిలబడినవారి మోచేతుల మధ్య నుంచి దీపాలను చూస్తూ తాగాను. లేవడానికి మావారూ ఆ కుర్రాడూ చెరొక భుజం పట్టుకోవలసి వచ్చింది. జనం దారి ఇచ్చారు, కొందరు జాలిగా చూశారు. ఆ జాలి నాకు అక్కరలేదు. కావలసింది నేల నుంచి అడుగున్నర ఎత్తున, వీపున్న ఒక మామూలు కుర్చీ. పోనీ, చేతులున్న కుర్చీ అయితే మరీ మంచిది.

ఆ తర్వాత, ఫిజియోథెరపీ ముగిసి మెట్లెక్కడం అలవాటయ్యాక, పై హాలుకు రెండుసార్లు వెళ్లాను. కుర్చీలు నిజంగానే బాగున్నాయి. కాఫీ మాత్రం 60 రూపాయలు. ఎందుకని అడిగితే, ఏసీ కనుక పన్ను ఎక్కువ పడుతుందని అక్కడి సూపర్‌వైజరు చెప్పాడు. ఇది సరైన మాట కాదు: 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లకు ఏసీ ఉన్నా లేకపోయినా జీఎస్టీ 5 శాతమే. ఏసీకి కరెంటు ఖర్చవుతుంది, హాలుకు అద్దె ఉంటుంది, అందుకే ఎక్కువ తీసుకుంటున్నామంటే నేను మారు మాట్లాడేదాన్ని కాదు. ధర కన్నా అసలు బాధ మరొకటి ఉంది. డికాక్షనూ పాలూ కలిపేది కిందనే. నాలుగైదు ఆర్డర్లు పోగయ్యాక గానీ పళ్లెం పైకి రాదు. స్టీలు గ్లాసులో, స్టీలు దబరాలో, ఏసీ గాలిలో ఆ కాఫీ నా బల్ల మీదికి వచ్చేసరికి గోరువెచ్చగా ఉంటోంది. అంటే, కింద వేడి కాఫీ ఉంది, కూర్చోవడానికి లేదు. పైన కూర్చోవడానికి ఉంది, వేడి కాఫీ లేదు.

ఇక్కడి సేవను గురించి మునుపు నేను చేసిన పొగడ్తను కూడా కొంత సవరించుకోవాలి. టోకెన్ ఇచ్చిన రెండు నిమిషాల్లో కాఫీ చేతికి వస్తుందని మెచ్చుకునేదాన్ని, అది ఇప్పటికీ నిజం. కానీ ఆ చురుకుదనం ఇచ్చేటప్పుడు ఉన్నంతగానే తీసేటప్పుడు కూడా ఉంటుందని నెమ్మదిగా తాగేవారికి మాత్రమే తెలుస్తుంది. గ్లాసు అడుగున నురగ ఉండగానే "అయిందా అమ్మా?" అని చెయ్యి వస్తుంది. రద్దీ వేళల్లో డికాక్షన్ కూడా పలచబడుతుంది. పొద్దున మొదటిసారి దిగిన చిక్కటి డికాక్షన్‌కూ, అదే పొడి మీద మళ్లీ వేడినీళ్లు పోసి దించిన రెండోదానికీ తేడా, నలభై ఏళ్లుగా ఇంట్లో ఇత్తడి ఫిల్టరుతో కాఫీ పెట్టుకుంటున్న నాలుకకు తెలియకుండా పోదు. అయితే నా చక్కెర సంగతి చెప్పకపోవడం అన్యాయమవుతుంది: కాఫీ కలిపే ఆయన నన్ను వరుసలో చూడగానే చక్కెర డబ్బాను పక్కకు జరుపుతాడు, ఒక్కసారి కూడా పొరబడలేదు.

మరి వెళ్లవచ్చా అంటే, నిలబడగలిగినవారు, తొందరలో ఉన్నవారు నిస్సందేహంగా వెళ్లవచ్చు. నడిచి వెళ్లేంత దూరంలో ఇంతకన్నా మంచి కాఫీ నాకు దొరకలేదు. నా వయసు 64, నా మోకాలు సగం లోహం, నేను కాఫీని పావుగంట తాగుతాను. ఇవేవీ లేనివారికి నా ఫిర్యాదు వింతగా తోచవచ్చు. పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లేవారు మాత్రం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఆ వైపు వెళ్లకపోవడమే మంచిది. రెండు కుర్చీలు కింద వేయమని రాసి సలహాల పెట్టెలో మూడుసార్లు చీటీ వేశాను, ఇంతవరకు కుర్చీ రాలేదు.

ప్రస్తుతం నేను పొద్దున ఆరున్నరకు వెళ్తున్నాను. ఆ వేళకు మొదటి డికాక్షన్ దిగి ఉంటుంది, జనం ఉండరు. పాలు దించేవాళ్లు కూర్చోవడానికి షట్టరు పక్కన వేసిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఖాళీగా దొరుకుతుంది. ఏడు కాగానే దాన్ని లోపల పెట్టేస్తారు.